సర్వీసు పడిపోయే రిస్క్‌ను గేమ్ థియరీతో లెక్కగట్టడం: షాప్లీ వాల్యూనా, నాష్ ఈక్విలిబ్రియమా?

భీమవరం_బ్యాకెండ్ (ప్రశ్న)

సెటప్ చిన్నదే. ముందు ఒక గేట్‌వే (రిక్వెస్టులన్నీ వచ్చే ద్వారం), దాని వెనక మూడు డేటాబేస్ రిప్లికాలు (ఒకే డేటా కాపీలు): ఏ, బీ, సీ. మూడింటిలో కనీసం రెండు లేచి ఉంటేనే కోరం, అంటే పని సాగడానికి కావలసిన మెజారిటీ. లేకపోతే డేటా రాయడం ఆగిపోతుంది, సర్వీసు డౌన్ కిందే లెక్క. మానిటరింగ్ లాగ్‌ల నుంచి తీసిన అవైలబిలిటీ (లేచి ఉన్న సమయం శాతం): గేట్‌వే 99.95 శాతం, ఒక్కో రిప్లికా 99 శాతం (ప్యాచింగ్ రీస్టార్ట్‌లు కూడా కలిపి).

ఒక రిప్లికా లేచి ఉండే సంభావ్యత ప అనుకుంటే కోరం నిలిచే సంభావ్యత 3ప² − 2ప³. అంటే 0.999702. దాన్ని గేట్‌వే 0.9995తో గుణిస్తే 0.999202. ఏడాదికి 8,760 గంటల్లో దాదాపు 7 గంటలు డౌన్. ఇక్కడిదాకా అనుమానం లేదు.

ఈ 7 గంటల్లో ఎవరి వాటా ఎంత, డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి అన్నది తేలాలి. బిర్న్‌బామ్ ఇంపార్టెన్స్ (ఒక భాగం లేచి ఉన్నప్పటికీ పడిపోయినప్పటికీ సర్వీసు నిలిచే సంభావ్యతలో తేడా) వేస్తే గేట్‌వేకు 0.9997, ఒక్కో రిప్లికాకు 0.0198 వచ్చింది. షాప్లీ వాల్యూ (ఉమ్మడి ఫలితాన్ని ఆటగాళ్లకు న్యాయంగా పంచే గేమ్ థియరీ పద్ధతి) వేస్తే గేట్‌వేకు 1/2, ఒక్కో రిప్లికాకు 1/6. మొదటి లెక్క ప్రకారం గేట్‌వే 50 రెట్లు ముఖ్యం, రెండో దాని ప్రకారం 3 రెట్లే. ఏది నమ్మాలి?

ఇంకోటి. ఈ సర్వీసును 10 క్లయింట్ టీములు వాడుతున్నాయి. ఫెయిలైతే ఒక్కొక్కరూ మొత్తం 3 సార్లు ప్రయత్నిస్తారు. దీన్ని కూడా అదే గేమ్‌లో కలపాలా? ఫెయిల్యూర్‌ను ప్రత్యర్థిగా పెట్టి నాష్ ఈక్విలిబ్రియం (ఎవరూ ఒంటరిగా ఎత్తు మార్చి లాభపడలేని స్థితి) కట్టే పద్ధతి ఒకటి ఉందని విన్నాను. అది ఇక్కడ పనికొస్తుందా?

---

ఓరుగల్లు_ఆప్స్

భీమవరం గారూ, సూత్రం వెతకడానికి ముందు ఒకటి తేల్చుకోండి: మీ ఆటలో ఆటగాళ్లు ఎవరు? రిప్లికా ఏ నిర్ణయమూ తీసుకోదు. డిస్క్ పోవడం ఎత్తుగడ కాదు. నిర్ణయం తీసుకునేవాళ్లు లేనిచోట నాష్ ఈక్విలిబ్రియంకు అర్థం లేదు. అక్కడ కావలసింది నష్టాన్ని న్యాయంగా పంచే పద్ధతి. అది షాప్లీ పని. మీ 10 క్లయింట్ టీములు మాత్రం నిజంగానే నిర్ణయాలు తీసుకుంటాయి, ఒకరి నిర్ణయం ఇంకొకరికి తగులుతుంది. నాష్ అక్కడ కావాలి. రెండూ వేర్వేరు గేములు, కలపకండి. ప్రకృతిని పగబట్టిన ప్రత్యర్థిగా పెట్టి మినిమాక్స్ (అత్యంత చెడ్డ సందర్భంలో నష్టాన్ని తగ్గించే పద్ధతి) కడితే, మామూలు హార్డ్‌వేర్ ఫెయిల్యూర్‌కు అవసరానికి మించి ఖర్చు పెట్టిస్తుంది. దాడి చేసేవాళ్లు ఉన్నచోట అది సరైన పనిముట్టే.

ఇప్పుడు 50 రెట్లు, 3 రెట్లు సంగతి. మీరు వేసిన 1/2, 1/6 అన్నవి 1954లో షాప్లీ, షూబిక్ కమిటీ ఓటింగ్ కోసం కట్టిన సూచిక విలువలు. అందులో మీ 99.95 గానీ 99 గానీ ఎక్కడా లేవు, ఏ భాగం దేనికి జోడించి ఉందన్న అమరిక ఒక్కటే ఉంది. 1972లో ఓవెన్ చూపించిన సంబంధంతో చూస్తే విషయం తేటపడుతుంది: అన్ని భాగాల అవైలబిలిటీనీ ఒకే విలువగా (ట) పెట్టి, దాన్ని 0 నుంచి 1 దాకా జరుపుతూ బిర్న్‌బామ్ విలువల సగటు తీస్తే షాప్లీ–షూబిక్ వస్తుంది. గేట్‌వేకు 3ట² − 2ట³ను 0 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేస్తే 1 − 1/2, అంటే 1/2. రిప్లికాకు 2ట² − 2ట³ను చేస్తే 2/3 − 1/2, అంటే 1/6. అంటే మీ సర్వర్లు 30 శాతం అవైలబిలిటీతో నడిచే లోకాలకూ ఇందులో సమాన ఓటుంది. అలాంటి చోట ఎవరూ సర్వీసు నడపరు. కాబట్టి రిస్క్ లెక్కకు ఈ సూచిక వద్దు. బిర్న్‌బామ్ తప్పు కాదు కానీ, ఆ విలువలు కూడితే మీ 7 గంటలు రావు. వాటాలు చెప్పడానికి అది పుట్టలేదు.

షాప్లీనే ఉంచండి, గేమ్ మార్చండి. కూటమి (కొన్ని భాగాల గుంపు) విలువను ఇలా నిర్వచించండి: ఈ కూటమిలోని భాగాలకు మాత్రమే ఫెయిలయ్యే అవకాశం ఇచ్చి, బయటున్నవన్నీ ఎప్పుడూ లేచే ఉంటాయనుకుంటే, సర్వీసు డౌన్ అయ్యే సంభావ్యత ఎంత? ఖాళీ కూటమికి 0. నలుగురికీ కలిపి 0.000798. ఇక భాగాలను ఒక్కొక్కటిగా కూటమిలో చేర్చే వరుసలన్నీ వేసుకుంటూ, ఎవరు చేరినప్పుడు విలువ ఎంత పెరిగిందో చూసుకుంటూ పోవడమే.

ఒక వరుస దగ్గరుండి చూద్దాం: సీ, ఏ, గేట్‌వే, బీ. మొదట సీ ఒక్కదానికే ఫెయిలయ్యే అవకాశం. మిగతా రెండూ కోరం నిలుపుతాయి, పెరుగుదల 0. తర్వాత రిప్లికా ఏ వచ్చింది. రెండూ ఒకేసారి పోతేనే నష్టం, 0.01 × 0.01 = 0.0001. అది రిప్లికా ఏ ఖాతాలోకి. తర్వాత గేట్‌వే: మొత్తం 0.00059995 అయింది, పెరిగిన 0.00049995 గేట్‌వే ఖాతాకు. చివర బీ: మొత్తం 0.00079785, పెరిగిన 0.0001979 బీ ఖాతాకు. ఇలాంటి వరుసలు 24 ఉంటాయి. ఒక్కొక్కరి ఖాతాకు సగటు తీస్తే గేట్‌వే 0.00049995, ఒక్కో రిప్లికా సుమారు 0.0000993.

వాటాలుగా గేట్‌వే 62.7 శాతం, ఒక్కో రిప్లికా 12.4 శాతం. గంటల్లో గేట్‌వే 4.38, మూడు రిప్లికాలు కలిపి 2.61. కూడితే మీ 7 గంటలు సరిగ్గా వస్తాయి. మేనేజర్ ముందు పెట్టాల్సిన సంఖ్యలు ఇవీ.

వాటా ఎక్కువగా ఉన్నచోటే డబ్బు పెట్టాలన్న రూలు మాత్రం లేదు. వాటా జరిగే నష్టాన్ని పంచుతుంది, పెట్టుబడి ఎంత తగ్గిస్తుందో చెప్పదు. దానికి మార్పు చేసి మళ్లీ మొత్తం లెక్క వేయాలి. రిప్లికాలు 5 చేస్తే కోరం పోయే సంభావ్యత 0.00000985కి పడిపోతుంది, ఏడాదికి 5 నిమిషాలు. మొత్తం డౌన్ 4.47 గంటలు. దానికి బదులు రెండో గేట్‌వే పెడితే, రెండు గేట్‌వేలనూ ఒకేసారి పడేసే కారణాలు గేట్‌వే డౌన్‌టైమ్‌లో పదో వంతు అనుకున్నా, మొత్తం 3.05 గంటలకు దిగుతుంది. రెండు రిప్లికాలు 2.5 గంటలు మిగిలిస్తే ఒక గేట్‌వే 3.9 గంటలు మిగులుస్తోంది.

---

కోరం_కాపలా

పై లెక్కకు ఒక చేర్పు. 5 అన్నారు కదా అని బడ్జెట్ చాలక 4 దగ్గర ఆగకండి. నాలుగింటికి కోరం 3. అంటే తట్టుకునేది అప్పుడూ ఒక్క ఫెయిల్యూర్‌నే, పడిపోగల యంత్రాలు మాత్రం ఒకటి పెరిగాయి. అదే 99 శాతంతో 0.000592 వస్తుంది, మూడింటితో వచ్చిన 0.000298కి రెట్టింపు. 2.6 గంటలు కాస్తా 5.2 గంటలవుతాయి. ఎట్‌సీడీ (కోరంతో నడిచే ఒక డేటా స్టోర్) క్లస్టర్లలో బేసి సంఖ్య పెట్టమనేది ఇందుకే.

అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. మీ మూడు రిప్లికాలూ నిజంగా విడివిడిగా పడతాయా? 0.01 × 0.01 అని గుణించిన క్షణమే ఆ మాట ఒప్పేసుకున్నట్టు. ఒకే ర్యాక్, ఒకే టాప్-ఆఫ్-ర్యాక్ స్విచ్ (ర్యాక్‌లోని యంత్రాలను నెట్‌వర్క్‌కు కలిపేది), ఒకే పవర్ ఫీడ్, ఒకే హైపర్‌వైజర్ (వర్చువల్ యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్), ఒకే రోజు గడువు తీరే సర్టిఫికెట్, ఒకే డీఎన్ఎస్ రిజాల్వర్ (సర్వర్ పేరును చిరునామాగా మార్చేది), ఒకే ఆటో-అప్‌డేట్ టైమర్: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది కూడా ఆటగాడే. లిస్టులో పేరు లేకపోయినంత మాత్రాన ఆటలో లేనట్టు కాదు.

క్లౌడ్‌లో ఉంటే జోన్ (ఒక ప్రాంతంలోని విడి డేటా సెంటర్ల గుంపు) పేరు చూసి మోసపోకండి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) పాత రీజియన్లలో చివర ఏ, బీ అని కనిపించే జోన్ పేర్లు ఒక్కో అకౌంటుకు ఒక్కోలా ముడిపడి ఉంటాయి. రెండు అకౌంట్ల మధ్య రిప్లికాలు పంచితే జోన్ ఐడీ పోల్చి చూడాలి, పేరు కాదు.

2017 ఫిబ్రవరి 28న ఎస్3 (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ సర్వీసు) పడిపోయినప్పుడు జరిగింది గుర్తు చేసుకోండి. ఒక కమాండ్‌లో ఇన్‌పుట్ తప్పు పడి, అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. ఇండెక్స్, ప్లేస్‌మెంట్ అనే రెండు సబ్‌సిస్టమ్‌లకు అవి కావాలి. అంతకంటే ముఖ్యమైంది, సర్వీసుల స్థితి చూపించే డ్యాష్‌బోర్డును అప్‌డేట్ చేసే కన్సోల్ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. పడిపోయిందని చెప్పాల్సిన పనిముట్టు, పడిపోయినదాని మీదే నిలబడింది. డిపెండెన్సీలను డయాగ్రామ్‌లో చూసి రాసుకుంటే ఇలాంటివి దొరకవు. ప్రతి హోస్ట్ నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లను ఒక వారం పాటు లాగ్ చేసి తీసుకోండి. నెలకోసారి మాత్రమే తాకే సర్టిఫికెట్ సర్వర్ లాంటివి వారంలో కనిపించవు, వాటిని చేత్తో చేర్చండి.

---

భీమవరం_బ్యాకెండ్

చూశాను. ఏ, బీ రెండూ ఒకే ర్యాక్‌లో ఉన్నాయి. సీ వేరే ర్యాక్. ఏ, బీల 1 శాతం డౌన్‌టైమ్‌లో పదో వంతు ఆ ర్యాక్ స్విచ్ వల్లే వచ్చింది. రెండూ ఒకే టైమ్‌స్టాంప్‌తో పడ్డాయి. దీన్ని ఎలా ఎక్కించాలి?

---

ఓరుగల్లు_ఆప్స్

ర్యాక్‌ను ఐదో ఆటగాడిగా పెట్టండి, ఫెయిలయ్యే సంభావ్యత 0.001. ఏ, బీల సొంత ఫెయిల్యూర్‌ను ఆ మేరకు తగ్గించండి: 1 − 0.99/0.999 = 0.009009. తగ్గించకపోతే స్విచ్ నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది, ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

ర్యాక్ పోతే ఒక్క సీ మిగులుతుంది, కోరం లేదు. కాబట్టి ర్యాక్ ఒంటరి కూటమి విలువే 0.001. మొత్తం డౌన్ 0.000798 నుంచి 0.001759కి పెరుగుతుంది, అంటే 15.4 గంటలు. వాటాలు: ర్యాక్ 57 శాతం, గేట్‌వే 28, మూడు రిప్లికాలూ కలిపి 15.

ఒక్క రిప్లికా అవైలబిలిటీ కూడా మారలేదని గమనించండి. అవే 99 శాతాలు. కలిసి పడతాయన్న ఒక్క నిజం చేర్చేసరికి 7 గంటలు 15.4 అయ్యాయి. బీని మూడో ర్యాక్‌కు మార్చితే 8.4 గంటలు తిరిగొస్తాయి, కొత్త యంత్రం ఏదీ కొనకుండానే. గేట్‌వే పని దాని తర్వాత.

0.001 అన్న సంఖ్య మీద మాత్రం మరీ నమ్మకం పెట్టుకోకండి. ఏడాదికి అది 8.76 గంటలు, మహా అయితే ఒకటి రెండు సంఘటనలు. అంత తక్కువ డేటా నుంచి వచ్చిన దాన్ని మూడో వంతుకు తగ్గించి ఒకసారి, మూడింతలు చేసి ఒకసారి లెక్క నడపండి. ర్యాక్ 0.0005 దాకా దిగితే గేట్‌వేతో సమానమవుతుంది, అంతకంటే దిగితే వరుస తారుమారు. వరుస మారే అవకాశం ఉన్నప్పుడు చవకైన మార్పు ముందు చేయండి. ఇక్కడ అది రిప్లికా జరపడమే.

---

లేటెన్సీ_లెక్కలు

రీట్రై, అంటే ఫెయిలైన రిక్వెస్టును మళ్లీ ప్రయత్నించడం, ఆ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ఈ ప్రశ్నలో నిజమైన గేమ్ అదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సంఖ్యలు ఇలా పెడదాం. 10 క్లయింట్లు, ఒక్కొక్కరు సెకనుకు 90 రిక్వెస్టులు, మొత్తం 900. మామూలు రోజున కెపాసిటీ 1,000. ఒక నోడ్ (యంత్రం) పోయి 800కు పడింది. సర్వర్ తిప్పి పంపే రిక్వెస్టు కూడా ఊరికే పోదు: కనెక్షన్ తీసుకోవాలి, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్), టోకెన్ చెక్ (ఎవరు పంపారో చూడటం), జేసన్ పార్సింగ్ (వచ్చిన డేటాను చదవడం). విజయవంతమైన రిక్వెస్టు ఖర్చులో ఐదో వంతు అనుకుందాం.

ఎవరూ రీట్రై చేయకపోతే సెకనుకు 775 సఫలం, ఒక్కొక్కరికి 86 శాతం. ఇప్పుడు ఒక్క టీము 3 ప్రయత్నాలు పెట్టుకుంది. ఆ టీముకు 99.6 శాతం, మిగతా తొమ్మిది టీములకు 84. ఆ టీము వైపు నుంచి చూస్తే ఇది తెలివైన పని, వాళ్ల డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంటుంది. కాబట్టి అందరూ అదే చేస్తారు. అప్పుడు వచ్చే లోడ్ 2,170, సఫలమయ్యేవి 457, ఒక్కొక్కరికి 51 శాతం. కెపాసిటీ 20 శాతం తగ్గితే సర్వీసు సగానికి పడింది.

అక్కడి నుంచి ఒక్కరు బుద్ధిగా రీట్రై మానేస్తే? ఆ టీముకు 27 శాతం, కొనసాగించే వాళ్లకు 61. మానేసిన వాడే నష్టపోతాడు. అందుకే మెయిల్ పెట్టి 'దయచేసి రీట్రైలు తగ్గించండి' అంటే ఎవరూ తగ్గించరు, తగ్గించకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. గేమ్ థియరీలో ఖైదీల సందిగ్ధం (ఎవరికి వారు తెలివిగా ఆడితే అందరూ నష్టపోయే ఆట) పాఠంలో చెప్పేది అక్షరాలా ఇదే. 51 శాతం దగ్గరున్నది నాష్ ఈక్విలిబ్రియం. రిస్క్ అంచనాలో నోడ్ పోయినప్పుడు సఫలమయ్యే శాతంగా రాయాల్సింది ఆ 51, 86 కాదు. కెపాసిటీ ప్లానింగ్ షీట్లలో ఎక్కువగా కనిపించేది 86.

ఆట నియమాలు మార్చడానికి మూడు దారులున్నాయి, మూడూ ఒకే బరువు కావు.

అన్నింటికంటే బలమైనది తిప్పి పంపే ఖర్చు తగ్గించడం. ఐదో వంతును యాభయ్యో వంతుకు దించండి: టోకెన్ చెక్, పార్సింగ్ కంటే ముందే, క్యూ పొడవు చూసి అక్కడికక్కడే తిప్పేయాలి. అప్పుడు పదిమందీ మూడేసి సార్లు కొట్టినా, లోడ్ 1,580 అయినా, సఫలమయ్యేవి 784. క్లయింట్ల స్వార్థం అలాగే ఉంది, నష్టం మాత్రం పోయింది. వాళ్ల కోడ్‌లో ఒక్క లైన్ మార్చాల్సిన పని లేదు.

రెండోది రీట్రై బడ్జెట్. అసలు రిక్వెస్టుల్లో 10 శాతానికి మించి రీట్రైలు వెళ్లకూడదు అని పెడితే లోడ్ 990 దాటదు, సఫలమయ్యేవి 752. ఎన్వాయ్ అనే ప్రాక్సీలో రీట్రై బడ్జెట్ ఆన్ చేస్తే డిఫాల్ట్ 20 శాతం. సర్వీసులు ఒకదాన్నొకటి పిలవడానికి వాడే జీఆర్‌పీసీలో టోకెన్ పద్ధతి ఉంది: ఫెయిలైతే 1 టోకెన్ పోతుంది, సఫలమైతే చిన్న భాగం, 0.1 అనుకోండి, తిరిగొస్తుంది. ఖాతా గరిష్ఠంలో సగానికి దిగగానే రీట్రైలు ఆగిపోతాయి. ఇది క్లయింట్ ఇష్టానికి వదిలితే పైన చెప్పిన కారణానికే నిలవదు. అందరూ వాడే లైబ్రరీలో గానీ సైడ్‌కార్‌లో (ప్రతి సర్వీసు పక్కనే నడిచే సహాయ ప్రోగ్రామ్‌లో) గానీ పెట్టాలి.

మూడోది ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ (ప్రతి ప్రయత్నానికీ ఆగే సమయం రెట్టింపు చేయడం), జిట్టర్ (ఆ సమయాన్ని కాస్త అటూఇటూ చేయడం). రెండు మూడు సెకన్ల కుదుపుకు ఇది బాగా పనిచేస్తుంది, గుంపుగా వచ్చి పడటాన్ని చెదరగొడుతుంది. కెపాసిటీ గంట సేపు 800 దగ్గరే ఉంటే మాత్రం ఇది లోడ్‌ను వాయిదా వేస్తుందే తప్ప తగ్గించదు.

గేట్‌వే కూడా తనంతట తాను రీట్రై చేస్తోందేమో చూడండి. మూడు పొరలు ఒక్కోటి 3 సార్లు ప్రయత్నిస్తే అడుగున ఒక్క యూజర్ క్లిక్‌కు 27 దెబ్బలు. రీట్రై ఒక్క పొరలోనే ఉండాలి, మిగతా పొరలు తప్పును పైకి పంపేయాలి.

యంత్రాలు కూడా ఆటగాళ్లలా ప్రవర్తించే సందర్భం ఒకటుంది: మీరే వాటికి నియమం రాసిపెట్టినప్పుడు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు 6 గంటలు మాయమైంది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన కమాండ్ బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్) మొత్తాన్ని తెంపింది. వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లకు 'డేటా సెంటర్‌తో మాట అందకపోతే నేనే చెడ్డాననుకుని నా బీజీపీ అడ్వర్టైజ్‌మెంట్ (నా దగ్గరికి దారి ఇదీ అని ఇంటర్నెట్‌కు చేసే ప్రకటన) ఉపసంహరించుకుంటాను' అని నియమం ఉంది. ఒక్క సర్వర్ విషయంలో ఇది సరైన ఎత్తు, మిగతావి బాగున్నాయన్న నమ్మకం మీద నిలబడిన ఎత్తు. అన్నీ ఒకేసారి అదే ఎత్తు వేశాయి. మీ హెల్త్ చెక్‌లలో (నోడ్ బాగుందో లేదో చూసే తనిఖీల్లో) ఇలాంటి నియమం ఉంటే, సగానికంటే ఎక్కువ నోడ్‌లు ఒకేసారి తప్పుకుంటున్నప్పుడు దాన్ని ఆపేసే అడ్డు పెట్టండి.

---

కోరం_కాపలా

లెక్క పెద్దదైనప్పుడు ఒక జాగ్రత్త. 20 భాగాలకు కూటములు 10,48,576. అది మామూలు ల్యాప్‌టాప్ చేసేస్తుంది. 40 దాటితే వరుసలను ర్యాండమ్‌గా తీసి సగటు చూడాలి. వాటాలో తప్పు మొత్తం రిస్క్‌లో 1 శాతం లోపు, 95 శాతం నమ్మకంతో ఉండాలంటే ఒక్కో భాగానికి సుమారు 18,450 వరుసలు చాలు. భాగాల సంఖ్య పెరిగినా ఇది పెరగదు.

కూటమి విలువను కూడా సిమ్యులేషన్‌తో తీయడం మాత్రం చాలామంది బోల్తాపడే చోటు. 0.0001 సంభావ్యత ఉన్న సంఘటనను 10,000 సార్లు నడిపితే సగటున ఒక్కసారి కనిపిస్తుంది, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో అసలు కనిపించదు. రెండు కూటముల మధ్య తేడా తీస్తే గోలే మిగులుతుంది, కొన్ని వాటాలు మైనస్‌లో వస్తాయి. ఈ గేమ్‌లో మైనస్ వాటా రాకూడదు, కొత్త భాగానికి ఫెయిలయ్యే అవకాశం ఇస్తే రిస్క్ తగ్గదు కదా. మైనస్ వచ్చిందంటే కోడ్‌లో గానీ శాంపిళ్లలో గానీ తప్పుంది. కూటమి విలువను సూత్రంతో, లేదా బైనరీ డెసిషన్ డయాగ్రామ్‌తో (లేచి ఉందా, పడిందా అన్న కొమ్మలుగా అన్ని సందర్భాలనూ కుదించి రాసే పటం) కచ్చితంగా తీయండి. వరుసలను మాత్రమే ర్యాండమ్‌గా తీయండి.

---

భీమవరం_బ్యాకెండ్

ఇలా అనుకుంటున్నాను: ముందు బీని మూడో ర్యాక్‌కు, తర్వాత గేట్‌వేలో తొందరగా తిప్పి పంపే ఏర్పాటు, ఆ తర్వాత రెండో గేట్‌వే. బీని జరిపేటప్పుడు కోరం ఎలా కాపాడాలి?

---

ఓరుగల్లు_ఆప్స్

వరుస బాగుంది. బీని ముందు తీసేసి తర్వాత కొత్తది పెడితే, మధ్యలో ఏ, సీ రెండూ లేచి ఉండి తీరాలి. ఆ సమయమంతా 1.99 శాతం ప్రమాదం, మూడూ విడివిడిగా పడే లెక్కలోని 0.000298కి దాదాపు 67 రెట్లు. కొత్త ర్యాక్‌లో డీ అనే కొత్త రిప్లికాను ముందు ఓటు లేని సభ్యుడిగా చేర్చండి, డేటా పూర్తిగా అందుకున్నాక ఓటిచ్చి, వెంటనే బీని తీసేయండి. నలుగురు ఓటర్లు ఉండే ఆ కాస్త సమయం నిమిషాల్లో ముగియాలి. ఆరోజు ప్యాచింగ్ టైమర్లు ఆపేయండి.

రెండో గేట్‌వే వచ్చాక రెండింటికీ కాన్ఫిగ్ ఒకేసారి పంపకండి. ఒకదానికి ఇచ్చి, కనీసం ఒక ట్రాఫిక్ పీక్ దాటాక రెండోదానికి. నేను పైన పెట్టిన పదో వంతు అన్న సంఖ్య ఆ పద్ధతి పాటిస్తేనే నిలుస్తుంది. సర్టిఫికెట్ల గడువు తేదీలు కూడా రెండింటికీ వేర్వేరుగా ఉండేలా చూడండి.